టీవీ కార్యక్రమాల పట్టిక వాడుకోవడానికి వెబ్‌సైట్ అనుమతి పొందడం ఎలా?

రాత్రి తొమ్మిదికి ఏ ఛానల్‌లో ఏమి వస్తుందో చూపించే చిన్న యాప్ ఒకటి మీరు తయారు చేశారనుకుందాం. లేదా నచ్చిన కార్యక్రమాన్ని దానంతట అదే రికార్డు చేసే ప్రోగ్రాం రాశారనుకుందాం. అంతా సిద్ధంగా ఉంది, అందులో నింపాల్సిన సమాచారం మాత్రం ఎవరిదో వెబ్‌సైట్‌లో ఉంది. ఇక్కడికి వచ్చాక చాలామంది చేసే పని ఒకటే: రాత్రివేళ ఆ పేజీలన్నీ ప్రోగ్రాంతో చదివించి పేర్లూ సమయాలూ ఏరుకుంటారు. మూడు వారాలు హాయిగా గడుస్తాయి. ఒక ఉదయం చూస్తే పట్టిక ఖాళీ. వాళ్లు పేజీ అమరిక మార్చారో, మన సర్వర్‌ను రానివ్వడం మానేశారో అర్థం కాదు. ముందే ఒక మాట అడిగి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపిస్తుంది.

అడగడం పెద్ద కష్టమేమీ కాదు. ఎవరిని, ఎంత, ఎలా అడగాలన్న దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. ఇలాంటి విన్నపం వచ్చినప్పుడు వెబ్‌సైట్ వాళ్లకు మూడు భయాలు ఉంటాయి. సర్వర్ మీద బరువు పడుతుందేమో. తమ పేజీకి రావలసిన జనం మీ యాప్‌కు పోతారేమో. తాము వేరేవాళ్ల దగ్గర కొన్న సమాచారం మీ చేతికిస్తే ఆ అమ్మినవాళ్లు తగువుకు వస్తారేమో. వాళ్లు నోరు తెరిచి అడగకముందే ఈ మూడింటికీ జవాబు ఇవ్వగలిగితే సగం బేరం కుదిరినట్టే. కింద చెప్పేదంతా ఆ జవాబులు సిద్ధం చేసుకునే పద్ధతి.

ముందు మీకు ఎంత కావాలో తేల్చుకోండి

ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఎన్ని ఛానళ్లు, ఎన్ని రోజులు ముందుగా, ఒక్కో కార్యక్రమం గురించి ఏయే వివరాలు. రికార్డు చేసే ప్రోగ్రాంకు నిజంగా కావలసినవి నాలుగే: ఛానల్, కార్యక్రమం పేరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం. కథాసారాంశం, నటీనటుల పేర్లు, బొమ్మలు ఉంటే బాగుంటుంది, లేకపోయినా పని ఆగదు.

ఈ తేడా మీరు అనుకునేదానికంటే ముఖ్యం. ఒక సినిమా ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది ఒక వాస్తవం. దాని కింద ఉన్న రెండు వాక్యాల సారాంశం ఎవరో కూర్చుని రాసిన రాత. పక్కనున్న బొమ్మ ఇంకొకరి సొత్తు. ఫైస్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఇదే చెప్పింది: వాస్తవాలకు కాపీరైట్ ఉండదు, వాటిని ఎంచి కూర్చిన తీరులో కొంతైనా సృజన ఉంటేనే ఆ కూర్పుకు రక్షణ ఉంటుంది. అక్కడ తగాదా టెలిఫోన్ డైరెక్టరీ గురించి. ఆస్ట్రేలియాలో అచ్చంగా టీవీ పట్టిక మీదే తగాదా నడిచింది. నైన్ నెట్‌వర్క్ అనే టీవీ సంస్థకూ, దాని కార్యక్రమాల సమయాలు వాడుకున్న ఐస్‌టీవీ అనే సంస్థకూ మధ్య కేసు హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) దాకా వెళ్లి, 2009లో ఐస్‌టీవీకి అనుకూలంగా ముగిసింది. యూరప్ దారి కాస్త వేరు. 1996 నాటి డేటాబేస్ ఆదేశం ప్రకారం, గణనీయమైన పెట్టుబడి పెట్టి సమాచారం సేకరించినవారికి 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఉంది. అయితే తాము సృష్టించిన సమాచారానికి పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి రాదని గుర్రప్పందాలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల పట్టికల కేసుల్లో యూరోపియన్ న్యాయస్థానం 2004లో తేల్చింది.

ఇవన్నీ తెలుసుకోండి, కానీ ఉత్తరంలో రాయకండి. కోర్టు తీర్పు పేరు కనిపించిన క్షణమే మీ ఉత్తరం లాయర్ బల్ల మీదికి పోతుంది, లాయర్‌కు అన్నిటికంటే సులువైన జవాబు ‘వద్దు’. పైగా కాపీరైట్ లేనంత మాత్రాన అంతా మనదైపోదు. వెబ్‌సైట్ వాడుక షరతులు ఒప్పుకుని లోపలికి వెళ్తే అదీ ఒక ఒప్పందంగానే లెక్కకు రావచ్చు. డబ్బు చేతులు మారే యాప్ అయితే మీ దేశంలో చట్టం తెలిసినవారిని ఒకసారి సంప్రదించండి.

ఆ పట్టిక అసలు ఎవరిది?

అందరూ దాటవేసే మెట్టు ఇదే. నా అనుభవంలో సగం తిరస్కరణలకు మూలం ఇక్కడే ఉంది. టీవీ పట్టిక సాధారణంగా మూడు చేతులు మారుతుంది. ఛానల్ తన కార్యక్రమాల క్రమాన్ని నిర్ణయిస్తుంది. వందలాది ఛానళ్ల నుంచి వాటిని సేకరించి, ఒకే రూపంలోకి మార్చి, సారాంశాలూ బొమ్మలూ చేర్చి అమ్మే సంస్థలు మధ్యలో ఉంటాయి. మీరు చూసే వెబ్‌సైట్ చాలాసార్లు ఆ సమాచారాన్ని వాళ్ల దగ్గరే కొనుక్కుంటుంది. కొన్నది తన పేజీలో చూపించుకునే హక్కే దానికి ఉంటుంది, మరొకరికి ఇచ్చే హక్కు ఉండదు. అలాంటి వెబ్‌సైట్‌ను ఎంత మర్యాదగా అడిగినా ఇవ్వలేదు.

తెలుసుకోవడం ఎలా? ముందు పేజీ అడుగున చూడండి, సమాచారం ఎవరిదో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. లేకపోతే పెద్దగా ఎవరూ చూడని ఒక కార్యక్రమం సారాంశాన్ని కాపీ చేసి వెతకండి. అవే వాక్యాలు, అదే అచ్చుతప్పుతో సహా, మరో నాలుగు వెబ్‌సైట్లలో కనిపించాయంటే అందరి వెనుకా ఉన్న సరఫరాదారు ఒక్కరే. అచ్చుతప్పులంత నిజాయితీ గల సాక్షులు దొరకరు.

ఈ మెట్టు ఎందుకు ముఖ్యమో చెప్పే పాత కథ ఒకటి ఉంది. కంప్యూటర్‌ను టీవీ రికార్డర్‌గా మార్చే మిత్‌టీవీ లాంటి ఉచిత ప్రోగ్రాంలు వాడే ఉత్తర అమెరికా వాళ్లు ఒకప్పుడు జాప్‌టుఇట్ ల్యాబ్స్ ఇచ్చే ఉచిత పట్టిక మీద ఆధారపడేవారు. 2007 సెప్టెంబరు 1తో అది ఆగిపోయింది. అప్పుడు ఆ ప్రోగ్రాంల వెనుక ఉన్నవాళ్లు మళ్లీ వెబ్ పేజీల నుంచి సమాచారం ఏరుకునే పనికి దిగకుండా షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, అసలు సమాచారం ఎవరిదో ఆ ట్రిబ్యూన్ మీడియా సర్వీసెస్‌తోనే నేరుగా ఒప్పందం చేసుకున్నారు. వాడుకరులు చందా కడతారు, సమాచారం సొంత వాడకానికి మాత్రమే. సరఫరాదారు వైపు నుంచి చూడండి: వేలమంది అపరిచితులతో విడివిడిగా వేగే బదులు మాట్లాడటానికి ఒకే సంస్థ, ఒకే ఖాతా, పద్ధతిగా వచ్చే డబ్బు. మీలాంటి వాళ్లు మరో పదిమంది ఉంటే కలిసి అడగండి. ఒంటరిగా అడిగేవాడికి దొరకని ధర గుంపుకు దొరుకుతుంది.

అడగకుండానే పని జరిగే దారి ఉందేమో చూడండి

డిజిటల్ ప్రసారాల్లో బొమ్మ, ధ్వనితో పాటు కార్యక్రమాల వివరాలు కూడా ప్రయాణిస్తాయి. చాలా దేశాల డిజిటల్ ప్రసారాలు పాటించే డీవీబీ ప్రమాణంలో దీనికోసం ప్రత్యేకంగా ఒక పట్టికే ఉంది. ఇప్పుడు వస్తున్నదీ తర్వాత రాబోయేదీ అందులో ఉంటాయి, కొందరు ప్రసారకర్తలు రాబోయే రోజుల క్రమం కూడా పంపుతారు. మీ కంప్యూటర్‌కు ప్రసారాన్ని నేరుగా అందుకునే ట్యూనర్ ఉండి, మీ అవసరం ఇంటివరకే అయితే వెబ్‌సైట్ గడప తొక్కనే అక్కర్లేదు. కావలసినవి రెండు మూడు ఛానళ్లే అయితే నేరుగా ఆ ఛానళ్లకే రాయండి. తమ కార్యక్రమాలు నలుగురూ చూడాలన్నదే వాళ్ల కోరిక. చాలా ఛానళ్లు పత్రికల కోసం వారం ముందే క్రమం విడుదల చేస్తుంటాయి.

షరతులు, రోబోట్స్ ఫైల్

వాడుక షరతుల పేజీలో ‘స్వయంచాలక’, ‘వాణిజ్య’, ‘పునఃప్రచురణ’ అనే మాటల చుట్టూ ఏముందో చదవండి. తమ పేజీల్లో వేటిని ప్రోగ్రాంలు చదవవచ్చో, వేటిని చదవకూడదో వెబ్‌సైట్ చెప్పే రోబోట్స్ ఫైల్ (robots.txt) కూడా చూడండి. 1994 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతికి 2022లో అధికారిక ప్రమాణ పత్రం కూడా వచ్చింది. ఒక హెచ్చరిక: అందులో అడ్డు లేదంటే పేజీని చదవవచ్చని మాత్రమే అర్థం, చదివినదాన్ని మీ యాప్‌లో ప్రచురించుకోవచ్చని కాదు.

ఎవరికి రాయాలి

‘మమ్మల్ని సంప్రదించండి’ పెట్టెలో రాస్తే పాస్‌వర్డ్ మరచిపోయినవారి విన్నపాల మధ్య మీదీ కలిసిపోతుంది. భాగస్వామ్యాలు, లైసెన్సింగ్, కంటెంట్ వ్యవహారాలు చూసే విభాగం చిరునామా వెతకండి. దొరకకపోతే ప్రకటనల విభాగానికి రాయండి. డబ్బు తెచ్చే విభాగం కాబట్టి అక్కడ ఉత్తరాలకు జవాబు త్వరగా వస్తుంది, సరైన మనిషి దగ్గరికి వాళ్లే పంపిస్తారు. ఒకేసారి ఐదుగురికి రాయకండి. ఐదుగురూ మిగతా నలుగురు చూసుకుంటారులే అనుకుంటారు.

రాసే ముందు ఒక లెక్క

సర్వర్ బరువు గురించి మీరు చెప్పే మాటలో అంకెలు ఉండాలి. 40 ఛానళ్లు, 7 రోజులు, రోజుకొక పేజీ అనుకుంటే ఒక్కసారి తీసుకోవడానికి 280 పేజీలు. ఇది చిన్న సంఖ్యే. కానీ మీ ప్రోగ్రాం వాడే 500 మంది కంప్యూటర్లూ ఎవరికి వారు తీసుకుంటే రాత్రికి 1,40,000 విన్నపాలు. పైగా ప్రోగ్రాం రాసినవాడు బద్ధకించి అన్నిటికీ అర్ధరాత్రి సరిగ్గా పన్నెండు గంటలే పెట్టి ఉంటాడు. అవతలివాళ్లకు అది దాడిలాగే కనిపిస్తుంది, తప్పు పట్టలేం.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి, రెంటిలో ఏది నచ్చుతుందో వాళ్లనే అడగండి. మీ సర్వర్ ఒక్కటే రోజుకొకసారి తీసుకుని మీ వాడుకరులకు పంచడం మొదటిది. దీనివల్ల బరువు దాదాపు ఉండదు, కానీ చట్టం దృష్టిలో ఇది పునఃపంపిణీ, అంటే పెద్ద కోరిక. రెండోది, ప్రతి వాడుకరీ నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లడం, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో వేళకు, మారని పేజీని మళ్లీ దించుకోకుండా. పేజీతో పాటు సర్వర్ పంపే ఈట్యాగ్ అనే గుర్తును దాచుకుని తర్వాతిసారి చూపిస్తే, ఏమీ మారనప్పుడు సర్వర్ 304 అనే చిన్న జవాబుతో సరిపెడుతుంది. ఎంతమంది వాడుతున్నారో తమకు తెలియాలనుకునే వెబ్‌సైట్లు రెండోదాన్నే ఇష్టపడతాయి. వీటన్నిటికంటే మేలైనది, మొత్తం పట్టికను వాళ్లే ఒకే ఫైలుగా ఇవ్వడం. అప్పుడు 280 విన్నపాలు ఒకటవుతాయి.

ఉత్తరం

ఒక తెర దాటకూడదు. ఇదొక నమూనా, మీ వివరాలు పెట్టుకుని మార్చుకోండి:

“నమస్కారం. ఇంట్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి ఉపయోగపడే ఉచిత ప్రోగ్రాం ఒకటి రాశాను. ప్రస్తుతం సుమారు 200 మంది వాడుతున్నారు. ప్రకటనలు లేవు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడం లేదు. మీ వెబ్‌సైట్‌లోని 40 ఛానళ్లకు సంబంధించి, రాబోయే 7 రోజుల కార్యక్రమాల పేర్లు, మొదలయ్యే, ముగిసే సమయాలు వాడుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. సారాంశాలు, బొమ్మలు అవసరం లేదు. నా సర్వర్ ఒక్కటే రోజుకొకసారి, మీకు రద్దీ తక్కువగా ఉండే వేళలో సమాచారం తీసుకుంటుంది. ప్రతి కార్యక్రమం కింద మీ పేరు, మీ పేజీకి లింకు ఉంటాయి. మీరు ఆపమన్న రోజే ఆపేస్తాను. ఒకవేళ ఈ సమాచారం మీకు వేరే సంస్థ నుంచి వస్తుంటే, ఎవరిని అడగాలో చెప్పినా నాకు ఎంతో సహాయం.”

చివరి వాక్యాన్ని తీసేయకండి. ఒప్పుకునే అధికారం లేని మనిషికి కూడా అది జవాబు రాసే వీలు కల్పిస్తుంది. నాకు వచ్చిన జవాబుల్లో బాగా పనికొచ్చినవి ఇలా వచ్చినవే: “మా వల్ల కాదు, ఫలానా విభాగాన్ని అడగండి” అని ఒక్క వరుస.

వాడుకరుల సంఖ్య పెంచి రాయకండి. 200 ఉంటే 200 అనే రాయండి. చిన్న సంఖ్య ఇక్కడ మీకు లాభమే చేస్తుంది, ఎందుకంటే చిన్నవాడికి సరే అనడం ఎవరికైనా సులువు.

రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. దానికీ జవాబు లేకపోతే అక్కడితో వదిలి మరొకరిని వెతకండి. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ చెల్లదు.

బేరం

జవాబు వచ్చిందంటే ఎక్కువసార్లు అది ‘సరే’ కాదు, ‘వద్దు’ కూడా కాదు, కొన్ని ప్రశ్నలు. మీ యాప్‌లో ప్రకటనలు పెడతారా? మా పోటీదారుల సమాచారం కూడా కలుపుతారా? రేపు మీరు దాన్ని అమ్ముకుంటే? తడుముకోకుండా నిజం చెప్పండి. ఇప్పుడు ఉచితమని, తర్వాత ప్రకటనలు పెట్టే ఆలోచన ఉందనుకోండి, అది ఇప్పుడే చెప్పి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందామని రాయించుకోండి. దాచితే ఏదో ఒకరోజు మీ యాప్ వాళ్లే తెరిచి చూస్తారు.

మీ చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదనుకోకండి. పేరు, లింకు ఎలాగూ ఇస్తారు. వాటికంటే విలువైనది ఒకటుంది: తప్పుల జాబితా. మీ ప్రోగ్రాం వాళ్ల పట్టికను రోజూ గడి గడీ చదువుతుంది. ఒక కార్యక్రమం ముగియకముందే ఇంకొకటి మొదలైనట్టు ఉన్నచోట, మధ్యలో అరగంట ఖాళీ ఉన్నచోట, ఒకే భాగం రెండు పేర్లతో ఉన్నచోట అది ఇట్టే పట్టేస్తుంది. వారానికొకసారి అలాంటి చిట్టా పంపుతానని చెప్పండి. ఈ పని జీతమిచ్చి చేయించుకునేవారికి దాని విలువ తెలుసు.

డబ్బు మాట వస్తే వాడుకరికి ఇంత అనేదాని కంటే ఏడాదికి ఇంత అనే పద్ధతి అడగండి. తలకింత అన్నప్పుడు యాప్‌కు ఆదరణ పెరిగిన నెలే మీకు కష్టకాలమవుతుంది. ధర అందనంత ఎత్తులో ఉంటే ధర తగ్గించమనకండి, సరుకు తగ్గించమనండి: సారాంశాలు లేకుండా ఎంత, 7 రోజులకు బదులు 3 రోజులైతే ఎంత. పేర్లూ సమయాలూ మాత్రమే ఉచితంగా ఇచ్చి, సారాంశాలకు డబ్బు తీసుకోవడం వాళ్లకూ గౌరవంగానే ఉంటుంది.

ఒప్పుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మీ వల్ల తమకు ఏ నష్టం వచ్చినా, ఎంతైనా మీరే భరించాలనే వాక్యం వాటిలో మొదటిది. దానికి ఒక పరిమితి రాయించండి, వీలైతే మీరు కట్టే ఏడాది రుసుముకు మించకుండా. ముందస్తు నోటీసు లేకుండా ఎప్పుడైనా ఆపేయవచ్చనే వాక్యం రెండోది. ఉచితంగా తీసుకుంటున్నప్పుడు దాన్ని భరించక తప్పదు, డబ్బు కడుతుంటే మాత్రం కనీసం 30 రోజులు అడగండి. వేరే ఎవరి పట్టికా వాడకూడదనే షరతు మూడోది. వాళ్ల సర్వర్ పాడైన రోజు మీ యాప్ కూడా పడుకుంటుంది.

పట్టిక తప్పైతే బాధ్యత ఎవరిదన్నది కూడా రాసుకోవాలి. మ్యాచ్ సాగి సాగి గంట ఆలస్యమైతే ఆ తర్వాతి కార్యక్రమాలన్నీ వెనక్కి జరుగుతాయి. సమయాలకు హామీ లేదని వాళ్లు మీకు చెప్తారు, అదే మాట మీరు మీ వాడుకరులకు చెప్పండి.

రాతలో ఉండాలి

ఒకప్పుడు ఒక వెబ్‌సైట్‌లో పట్టికలు చూసే ఆయన ఫోనులో నాతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, “నిశ్చింతగా వాడుకోండి” అన్నారు. నిశ్చింతగానే వాడుకున్నాను. ఆరు నెలలకు దారి మూసుకుపోయింది. ఫోను చేస్తే ఆయన ఉద్యోగం మానేశారని, అలాంటి అనుమతి సంగతి తమకు తెలియదని చెప్పారు. నా దగ్గర చూపించడానికి ఒక్క ముక్క కాగితం లేదు. అప్పటినుంచి ఫోను పెట్టేసిన పది నిమిషాల్లో ఒక మెయిల్ రాయడం అలవాటు చేసుకున్నాను: “ఇప్పుడు మనం అనుకున్నవి ఇవీ. పొరపాటు ఉంటే సరిదిద్దండి, లేకపోతే సరే అని ఒక్క మాట రాయండి.” ఉచిత అనుమతికి ఆ ‘సరే’ చాలు. డబ్బున్న చోట సంతకం కావాలి. రెంటిలోనూ ఏ సమాచారం, ఏ వాడకానికి, ఎప్పటిదాకా, ఆగిపోయాక దాచుకున్న పాత పట్టికలను ఏం చేయాలి అన్నవి ఉండేలా చూసుకోండి.

‘వద్దు’ అంటే

వద్దన్నాక పేరు మార్చుకుని, మామూలు బ్రౌజర్‌లా నటిస్తూ వెళ్లి తీసుకోవడం అడగకుండా తీసుకోవడం కంటే హీనం. మీకు తెలియదని చెప్పుకునే వీలు కూడా అప్పుడు ఉండదు. కృతజ్ఞతలు చెప్పి, కారణం అడగండి. కారణం బరువైతే విన్నపాలు తగ్గించి, సారాంశాలైతే వాటిని వదిలేసి ఆరు నెలల తర్వాత మళ్లీ అడగవచ్చు. కారణం సరఫరాదారైతే ఎటు వెళ్లాలో తెలిసినట్టే.

‘సరే’ అన్నాక

ఫైలు ఏ రూపంలో కావాలని అడిగితే ఎక్స్‌ఎంఎల్‌టీవీ అనండి. ఇలాంటి ప్రోగ్రాంలు చాలావాటికి అర్థమయ్యే రూపం అది. అందులో సమయం 20250310210000 +0000 ఇలా ఉంటుంది: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను, చివర ప్రపంచ ప్రామాణిక కాలంతో తేడా. ఆ చివరి తేడా లేకుండా ఫైలు తీసుకోకండి, గడియారాలు గంట ముందుకూ వెనక్కూ జరిపే ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు పట్టిక మొత్తం తారుమారవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా పట్టికల్లో టీవీ రోజు తెల్లవారుజామున మొదలవుతుంది, అందుకే అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు వచ్చే సినిమా ముందురోజు పేజీలోనే కనిపిస్తుంది. తేదీ ఎటు లెక్కించాలో ముందే అడిగి తెలుసుకోండి.

మీ ప్రోగ్రాం ప్రతి విన్నపంలోనూ తన పేరు, మీ మెయిల్ చిరునామా చెప్పుకోవాలి. సర్వర్ 429 అని జవాబిస్తే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని అర్థం. ఎంతసేపు ఆగాలో అందులో ఉంటే అంతసేపు ఆగండి, లేకపోతే ఆ రాత్రికి ఆపేయండి. మొదటి వారం గడిచాక అనుమతి ఇచ్చినవారికి నాలుగు వరుసలు రాయండి: ఏ రోజు ఎన్ని విన్నపాలు పంపామో, మీరు చెప్పిన పరిమితి ఎంతో, పట్టికలో కనిపించిన తప్పులు ఏవో.